యాక్సిడెంటు బాకీ: తీర్చలేనివాడు ఏం చేయాలి, మనం ఎక్కడ నిలబడాలి



గత రంజాన్‌లో జకాత్ దరఖాస్తులు చూస్తున్నప్పుడు మన పాత దాతల్లో ఒకరు ఒక దరఖాస్తును పక్కకు తీసి ఇలా అడిగారు: "జబ్బు చేసినవాళ్ళకు ఇస్తున్నాం, వితంతువులకు ఇస్తున్నాం, పిల్లల ఫీజులకు ఇస్తున్నాం. బండితో మనిషిని గుద్దినవాడి బాకీ కూడా మనమే కట్టాలా?" ఆ రోజు మేము తడబడుతూ ఏదో చెప్పాం గానీ అది జవాబు కాదని మాకే తెలుసు. ఆ దరఖాస్తు సంగతి, దాని వెంట మేము నేర్చుకున్న చట్టం, ధర్మం ఈ సంచికలో వివరంగా రాస్తున్నాం.

దరఖాస్తుదారుడు ట్రాలీ ఆటో నడిపే తమ్ముడు. పేరు, ఊరు రాయడం లేదు. మిర్చి ఏరే రోజుల్లో ఖాళీ బస్తాలు దించి వస్తుండగా, మాపటేళ రోడ్డు పక్కన నడిచి పోతున్న ఒక కోయ కూలీని ఆటో తగిలింది. మనిషి దక్కలేదు. ఆటో ఇన్సూరెన్సు అప్పటికి నాలుగు నెలల క్రితమే అయిపోయింది. పెద్దమనుషులు కూర్చున్నారు. రెండున్నర లక్షలకు పంచాయితీ తెగింది. భార్య నగలు కుదువ పెట్టి, డైలీ ఫైనాన్సులో తెచ్చి ఆ డబ్బు కట్టాడు. "ఇకమీదట మాకు ఎలాంటి తగాదా లేదు" అని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించుకున్నాడు. ఏడెనిమిది నెలలకు కోర్టు నోటీసు వచ్చింది. స్టాంపు కాగితం ఉంది కదా అని ఆ నోటీసును గూట్లో పెట్టేశాడు. కోర్టుకు పోలేదు. ఎక్స్‌పార్టీగా తీర్పు వచ్చింది: పదహారు లక్షల పైచిలుకు, దాని మీద వడ్డీ. అమీనా ఇంటికి వచ్చిన తరువాత మా దగ్గరకు వచ్చాడు.

ఆయన చేసిన తప్పుల్లో మొదటిది ఇన్సూరెన్సు కట్టకపోవడం. కానీ బాకీ ఇంత పెరగడానికి అసలు కారణం నోటీసును గూట్లో పెట్టడమే. ఈ రెండో తప్పు చేసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాం.

అన్ని బాకీలూ ఇంత పెద్దవి కావు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా సారపాక దాటి భద్రాచలం పోయే రోడ్డులో, ముఖ్యంగా శ్రీరామనవమికీ ముక్కోటికీ, హైదరాబాదు కార్లు బారులు తీరుతాయి. మన పిల్లవాడి బైకు ఒక కారుకు గీసుకుంటుంది. కారాయన దిగి షోరూముకు ఫోను చేసి, బంపరూ డోరూ కలిపి ఎనభై వేలంటాడు. బైకు తాళం లాక్కుంటాడు. ఆర్సీ, ఆధార్ కార్డు, ఒక్కోసారి ఫోను కూడా తాకట్టుగా తీసుకుంటాడు. భయపడి అక్కడికక్కడే ఒప్పుకుని రాసిచ్చినవాళ్ళు మాకు తెలుసు. అలా ఒప్పుకోవాల్సిన పని లేదు. బైకుకు కనీస ఇన్సూరెన్సు, అంటే థర్డ్ పార్టీ పాలసీ ఉన్నా, ఎదుటివారి ఆస్తికి జరిగిన నష్టం సాధారణంగా లక్ష రూపాయల వరకు అందులోకి వస్తుంది. కార్లకు ఆ హద్దు ఏడున్నర లక్షలు. కంపెనీకి వెంటనే చెప్పాలి, నష్టం అంచనా కాగితం మీద అడగాలి, ఫోటోలు తీసుకోవాలి. ఆ కారాయనకు సొంత నష్టం కవరు చేసే పాలసీ ఉంటే తన కంపెనీ నుంచే బాగు చేయించుకోవచ్చు. అక్కడ తీసుకున్న సొమ్మునే మళ్ళీ మన దగ్గర అడగడం కుదరదు. తప్పు మనదైతే తప్పు మనదేనని మర్యాదగా ఒప్పుకోవాలి. కానీ రోడ్డు మీద పుట్టిన అంకెను మాత్రం ఒప్పుకోకూడదు. ఇన్సూరెన్సు లేకపోతే నెలకింత అని మాట్లాడుకుని, బ్యాంకు ద్వారానే కట్టి, ప్రతిసారీ రసీదు తీసుకోవాలి.

మనిషి ప్రాణం పోయినప్పుడో కాలుచెయ్యి పోయినప్పుడో లెక్క పూర్తిగా వేరు. ఆ పదహారు లక్షలు జడ్జిగారు మనసుకు తోచి వేసిన అంకె కాదు. సరళా వర్మ కేసులో 2009లో, ప్రణయ్ సేథీ కేసులో 2017లో సుప్రీంకోర్టు స్థిరపరచిన కొలత ప్రకారం వచ్చింది. చనిపోయిన కూలీకి ముప్పై ఐదేళ్ళు. నెలకు 8,000 సంపాదన అని ట్రిబ్యునల్ తీసుకుంది. నలభై లోపు వయసు, సొంత కష్టం మీద బతికేవాడు కాబట్టి ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే నెలకు 11,200, ఏడాదికి 1,34,400. భార్య, ఇద్దరు పిల్లలు ఆధారపడ్డారు కాబట్టి తన ఖర్చు కింద మూడో వంతు తీస్తే 89,600. ఆ వయసుకు గుణకం 16. హెచ్చిస్తే 14,33,600. దీనికి అంత్యక్రియల ఖర్చు, భర్తనూ తండ్రినీ కోల్పోయినందుకు ఇచ్చే మొత్తాలు కలిపితే పదహారు లక్షలు దాటింది. పిటిషను వేసిన తేదీ నుంచి ఏడున్నర శాతం వడ్డీ అంటే నెలకు దాదాపు పదివేలు. ఆటో మీద ఆ తమ్ముడికి డీజిలు పోను మిగిలేదే అంత. ఆలస్యం చేసిన ప్రతి నెలా ఆయన ఇంటి ఖర్చంత బాకీ పెరిగింది.

ఇన్సూరెన్సు ఉండి ఉంటే ఈ మొత్తం కంపెనీ కట్టేది. ఆ ఆటోకు ఏడాది ప్రీమియం ఐదు వేలకు అటూ ఇటూ. 150 సీసీ లోపు మామూలు బైకుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 నుంచి 714 రూపాయలు, పైన జీఎస్టీ. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం అది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. మొదటిసారి పట్టుబడితే 2,000 జరిమానా. జరిమానాకు భయపడేవాళ్ళు ఉన్నారు గానీ పదహారు లక్షలు మీద పడతాయని ఊహించేవాళ్ళు తక్కువ.

ఇక ఆ పంచాయితీ కాగితం. పెద్దమనుషుల మంచి ఉద్దేశాన్ని మేము తప్పుపట్టడం లేదు. ప్రమాదం జరిగిన రాత్రి గొడవ పెరగకుండా ఆపింది వాళ్ళే. కానీ ఆ కాగితానికి రెండు పనులు చేతకావు. మొదటిది, పోలీసు కేసును మూయలేదు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 106వ సెక్షను నేరం, ఐదేళ్ళ వరకు శిక్ష, ఇరువర్గాలు రాజీపడి తీసేసుకునే నేరాల జాబితాలో అది లేదు. రెండోది, భార్యాపిల్లలు ట్రిబ్యునల్‌కు పోకుండా ఆపలేదు. ఇచ్చిన డబ్బుకు రుజువు ఉంటే ట్రిబ్యునల్‌లో దాన్ని చూపించి మినహాయింపు అడగవచ్చు, అంతే. రుజువు అంటే బ్యాంకు ఖాతాలో పడిన డబ్బు. మా తమ్ముడు నోట్ల కట్టలు నలుగురి చేతుల మీదుగా ఇచ్చాడు. రెండున్నర లక్షల్లో ఆ తల్లి చేతికి చేరింది లక్షా ఇరవై వేలేనని తరువాత లోక్ అదాలత్‌లో తేలింది. మిగతాది దారిలో ఎవరెవరి దగ్గర ఆగిందో మేము రాయం. అది తెలిసినవాళ్ళకు తెలుసు.

మరి నోటీసు వచ్చిన రోజు ఏం చేయాలి? వాయిదా తేదీ చూసి కోర్టుకు పోవాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోవాలి. 2016 అక్టోబర్ 11న జిల్లా విడిపోయిన తరువాత ఖమ్మం వేరు, భద్రాద్రి కొత్తగూడెం వేరు అయ్యాయి గనుక మీ కేసు ఏ కోర్టులో ఉందో నోటీసు మీద చూసుకోవాలి. 15100కి ఫోను చేసినా దారి చెబుతారు. 1987 చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. మన డ్రైవర్లలో చాలామంది ఆ పరిమితిలోకే వస్తారు.

ఇక్కడ మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. భద్రాచలం పట్టణం దాటి ఎటపాక వైపు కొద్ది దూరం పోగానే ఆంధ్రప్రదేశ్ వస్తుంది. 2014లో చింతూరు, కూనవరం, వర రామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు అన్నీ అటు వెళ్ళాయి. చింతూరు దాటి ఇంకాస్త పోతే కొంటా, అది ఛత్తీస్‌గఢ్. ఒక్క పూటలో మూడు రాష్ట్రాల్లో బండి తిరుగుతుంది. కేసును ప్రమాదం జరిగిన చోట వేయవచ్చు, బాధితుల ఊరి కోర్టులో వేయవచ్చు, బండి యజమాని ఉండే చోట వేయవచ్చు. కాబట్టి కొత్తగూడెం ఆటో డ్రైవరుకు పక్క రాష్ట్రం కోర్టు నుంచి నోటీసు వస్తే అది పొరపాటున వచ్చిన కాగితం అనుకోవద్దు. రాష్ట్రం దాటితే పర్మిట్ సంగతి కూడా చూసుకోవాలి. పర్మిట్ లేని చోట ప్రమాదం జరిగితే కంపెనీ బాధితులకు ముందు కట్టి, తరువాత ఆ మొత్తం యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చని 2018లో అమృత్ పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

వకీలుతో కూర్చున్నప్పుడు మొదట తేల్చుకోవలసింది ఈ బాకీ నిజంగా మనదేనా అన్నది. ఆ రోజుకు పాలసీ ఉందో లేదో ఎంపరివాహన్‌లో చూడాలి. ఏజెంటు చేతిలో పెట్టిన కాగితాన్ని మాత్రమే నమ్మవద్దు. బండి నడిపింది డ్రైవరు, ఆర్సీ ఇంకొకరి పేరున ఉంటే ఇద్దరి మీదా కేసు పడుతుంది. బైకు ఎప్పుడో అమ్మేశాం అంటారు చాలామంది. సేల్ లెటరు రాసిచ్చి చేతులు దులుపుకుంటారు. ఆర్టీఏ రికార్డులో పేరు మారే వరకు పరిహారం బాధ్యత పాత యజమానిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో తీర్పు వచ్చింది. అమ్మినవారు పద్నాలుగు రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. పాత బైకు పదిహేను వేలకు అమ్మి, ఇంకొకరు చేసిన ప్రమాదానికి లక్షలు బాకీపడిన కుటుంబం మన మహల్లాలోనే ఉంది.

లైసెన్సు విషయంలో ఒక మంచి కబురు ఉంది. కారు లైసెన్సుతో టాటా ఏస్, ప్యాసింజరు ఆటో లాంటివి నడిపారని కంపెనీలు "ఇది లైసెన్సు ఉల్లంఘన" అంటూ తప్పుకునేవి. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం, లైట్ మోటార్ వెహికిల్ లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా బండ్లు నడపవచ్చని తేల్చింది. అసలు లైసెన్సే లేని డ్రైవరుకు బండి ఇచ్చి ఉంటే కంపెనీ ముందు కట్టి తరువాత యజమాని మీదికి వస్తుంది. అయితే యజమాని కనీస జాగ్రత్త తీసుకోలేదని కంపెనీయే రుజువు చేయాలని 2004లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పారు. పదహారేళ్ళ కొడుక్కి బైకు తాళం ఇచ్చే తండ్రులకు మాత్రం ఎక్కడా ఓదార్పు లేదు. 2019 సవరణ తరువాత తండ్రికే మూడేళ్ళ వరకు జైలు, 25,000 జరిమానా.

ఇంకో మాట, కూలీలను ట్రాక్టరు ట్రాలీల్లో, సరుకు ఆటోల్లో ఎక్కించుకునే మన రైతులకూ బండ్ల వాళ్ళకూ చెప్పాలి. సరుకు బండిలో ఎక్కిన ప్రయాణికులకు థర్డ్ పార్టీ పాలసీ వర్తించదని ఆశారాణి కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. పాలసీ చేతిలో ఉన్నా ట్రాలీలో కూర్చున్న ఇరవై మందిలో ఎవరికి ఏమైనా ఆ బిల్లు చివరికి యజమానిదే.

ఎక్స్‌పార్టీ తీర్పు వచ్చేసినా అంతా అయిపోయినట్టు కాదు. ముప్పై రోజుల్లో ఆ తీర్పు తీసేయమని అదే కోర్టును అడగవచ్చు. ఆలస్యమైతే కారణం చూపించి మన్నించమనాలి. హైకోర్టుకు అప్పీలు గడువు తొంభై రోజులు. దానికి ముందు 25,000 లేదా తీర్పు మొత్తంలో సగం, ఏది తక్కువైతే అది కట్టాలి. మా తమ్ముడి విషయంలో మొదటి దారి పట్టాం. కొంత మొత్తం డిపాజిట్ చేయాలన్న షరతు మీద కోర్టు ఒప్పుకుంది.

ఇవన్నీ దాటి ఇ.పి. దాకా వస్తే ఏమవుతుంది? జైల్లో వేస్తారేమో అన్న భయమే మనవాళ్ళను ఊరు విడిచి పారిపోయేలా చేస్తుంది. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దీని మీద తీర్పు చెప్పారు. కట్టే శక్తి ఉండి ఎగవేసేవాణ్ణే సివిల్ జైలుకు పంపాలి తప్ప, లేక కట్టలేకపోయినవాణ్ణి పంపకూడదని దాని సారాంశం. డబ్బు బాకీకి ఆడవాళ్ళను అరెస్టు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడు ఒప్పుకోదు. జప్తులో వంట సామాను, పడక, చేతివృత్తి పనిముట్లు, రైతు గానీ కూలీ గానీ నివసించే ఇల్లు ముట్టుకోకూడదు. ఆటో, ఖాళీ ప్లాటు, బ్యాంకులో డబ్బు మాత్రం జప్తు కావచ్చు. తీర్పు మొత్తాన్ని భూమి శిస్తు బకాయి లాగా వసూలు చేయమని కలెక్టరుకు పంపే దారి కూడా చట్టంలో ఉంది. నోటీసు తహసీల్దారు ఆఫీసు నుంచి వస్తే ఆశ్చర్యపోవద్దు. కొందరు ఐ.పి. పెట్టమని సలహా ఇస్తారు. మేము ఆ సలహా ఇవ్వడం లేదు. ఉన్నదంతా కోర్టు ముందు పెట్టి నిజంగా దివాళా తీసినవారికి ఉద్దేశించిన దారి అది. ఆస్తి బావమరిది పేరున రాసి ఐ.పి. పెట్టేవారికి అది దునియాలోనూ నిలవదు, ఆఖిరత్‌లోనూ నిలవదు.

మిగిలేది లోక్ అదాలత్. ఇరువైపులా ఒప్పుకుంటే మొత్తం తగ్గించుకోవచ్చు, వాయిదాలు వేసుకోవచ్చు, వడ్డీ వదులుకోవచ్చు. అక్కడ జరిగిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. స్టాంపు కాగితం ఇవ్వలేని నిశ్చింత ఇక్కడ దొరుకుతుంది.

లోక్ అదాలత్‌కు పోయే ముందు మా కమిటీలో గట్టి వాదనే జరిగింది. పదహారు లక్షలు ఆ కోయ తల్లి హక్కు. దాన్ని తగ్గించమని మేము వెంట నిలబడి అడగడం ఒక పేదవాణ్ణి కాపాడి ఇంకో పేదరాలిని ముంచడం కాదా అని మా సభ్యుల్లో ఒకరు నిలదీశారు. న్యాయమైన ప్రశ్న. రెండు సంగతులు మమ్మల్ని ఒక దారికి తెచ్చాయి. మొదటిది, ఆ తమ్ముడికి భూమి లేదు, ఆటో అప్పటికే ఫైనాన్సువాళ్ళు పట్టుకుపోయారు. పదహారు లక్షల తీర్పు కాగితం ఆమె ఇంట్లోనూ గూట్లోనే ఉండిపోయేది. రెండోది ఒక హదీసు. సహీహ్ ముస్లిం‌లో హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించారు. పండ్లు కొని నష్టపోయి అప్పులపాలైన ఒక వ్యక్తి కోసం దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సదఖా పోగు చేయించారు. అది అప్పుకు సరిపోలేదు. అప్పులవాళ్ళతో ఆయన, దొరికినంత తీసుకోండి, మీకు దక్కేది ఇంతే అన్న భావంతో చెప్పారు. ఒక షరతు మాత్రం పెట్టుకున్నాం: ఆమెకు ఆమె సొంత వకీలు ఉండాలి, ఆమె భాష తెలిసిన మనిషి పక్కన ఉండాలి, మేము ఆమెతో విడిగా మాట్లాడకూడదు. న్యాయ సేవాధికార సంస్థ ఆమెకు ఉచితంగా వకీలును ఇచ్చింది. ఏడున్నర లక్షలకు రాజీ కుదిరింది. అంతకుముందు చేరిన లక్షా ఇరవై వేలు పోను, మూడున్నర లక్షలు ఒకేసారి, మిగతా 2,80,000 నెలకు పదివేల చొప్పున 28 వాయిదాలు.

ఆ మూడున్నర లక్షల్లో రెండున్నర లక్షలు మీ జకాత్. ఇప్పుడు దాతగారి ప్రశ్నకు వస్తాం.

దివ్యఖుర్ఆన్‌లో తౌబా సూరా 60వ ఆయత్ జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను చెబుతుంది. అందులో ఒకటి గారిమీన్, బాకీల్లో కూరుకుపోయినవారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం బాకీ తీసేసిన తరువాత నిసాబ్ మేరకు సొమ్ము మిగలనివాడు అందులోకి వస్తాడు. బతుకుతెరువు బండి, ఉండే ఇల్లు ఆ లెక్కలోకి రావు. తెలియక చేసిన ప్రాణనష్టం సంగతి మన ధర్మశాస్త్రానికి కొత్త కాదు. పొరపాటున ప్రాణం పోతే దియత్ భారాన్ని ఒక్కడి నెత్తిన వేయకుండా ఆఖిలా, అంటే అతని బంధువర్గం, మూడేళ్ళలో వాయిదాలుగా కట్టాలని ఫుఖహా చెప్పారు. ఇక్కడ నడిచేది మోటారు వాహనాల చట్టం, దియత్ కాదు, ఆ తేడా మాకు తెలుసు. అయినా ఒక్కడు మోయలేని బరువును పదిమంది పంచుకోవాలన్న ఆలోచన మన ఇంట్లోదే.

సహీహ్ ముస్లిం‌లోనే హజ్రత్ ఖబీసా (రజి) సంఘటన ఉంది. ఇతరుల మధ్య తగవు తీర్చడానికి పూచీపడి బాకీపడిన ఆయన అడగడానికి వస్తే, సదఖా వచ్చేదాకా ఆగు, నీకు ఇప్పిస్తామన్నారు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం). అడగడం ఎవరికి చెల్లుతుందో కూడా అప్పుడే చెప్పారు. పేదరికం పాలైనవాడి గురించి చెబుతూ, అతని వాళ్ళలో తెలివైనవారు ముగ్గురు సాక్ష్యం చెప్పాలన్నారు. మా పరిశీలన కమిటీలో అదే మహల్లా వారు ముగ్గురు ఉండాలన్న నియమం అక్కడి నుంచే తీసుకున్నాం.

అందరికీ ఇవ్వడం లేదు. తాగి నడిపినవారి దరఖాస్తు ఒకటి ఈ ఏడాది వెనక్కి పంపాం. ఇన్సూరెన్సు కంపెనీ బాధితులకు కట్టేసి, ఆ డబ్బు కోసం మన మనిషి వెంటపడిన కేసులు రెండు వచ్చాయి. అక్కడ బాధితుల కడుపు నిండింది, ఎదురుచూసేది కంపెనీ. అలాంటివారికి వకీలును చూపించి వాయిదాలు అడిగించాం, జకాత్ వరుసలో వెనక పెట్టాం. ఎదురుచూసేది చనిపోయినవారి పిల్లలైతే ఆ దరఖాస్తు ముందుకొస్తుంది. డబ్బును దరఖాస్తుదారుడి సొంతం చేసి, ఆయన రాతపూర్వక అనుమతితో కోర్టు డిపాజిట్‌గా మేమే కట్టాం. జకాత్ తమ్లీక్ నియమం నెరవేరింది, డబ్బు దారి తప్పలేదు. మీరిచ్చిన జకాత్ ఒక ముస్లిం తమ్ముడి బాకీ తీర్చింది, ఆ తీరిన బాకీ ఒక కోయ తల్లికి చేరింది. ఆమె ఇంటి పైకప్పు రేకులకు విడిగా సదఖా నిధి నుంచి ఇచ్చాం. సదఖా ఇవ్వడానికి మతం అడ్డు కాదు.

ప్రమాదం జరిగిన గంటలో చేయవలసింది కూడా చెప్పాలి, ఎందుకంటే బిల్లు తగ్గేది అక్కడే. బండి ఆపాలి, 108కి ఫోను చేయాలి, పోలీసులకు చెప్పాలి. 2025 మే 5 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో నగదు లేకుండా చికిత్స దొరుకుతుంది. గుద్దిన బండికి ఇన్సూరెన్సు ఉందా లేదా అన్నది దానికి అడ్డు కాదు. వెంటనే చికిత్స అందితే ప్రాణం దక్కవచ్చు, కాలు దక్కవచ్చు. ప్రాణం దక్కడం ముందు అల్లాహ్ దయ, ఆ తరువాతే డ్రైవరుకు ఊరట.

ఈ ఏడాది నుంచి నెలలో మొదటి జుమా తరువాత మసీదు వరండాలో ఒక బల్ల వేస్తున్నాం. ఆటో, ట్రాలీ, బైకు ఉన్నవారు ఆర్సీ, పాలసీ, లైసెన్సు తెస్తే మన కుర్రాళ్ళు ఫోనులో తేదీలు చూసి చెబుతారు. పాలసీ అయిపోయి కట్టలేని స్థితిలో ఉన్నవారికి ప్రీమియం మొత్తం ఖర్జె హసనాగా ఇచ్చి నాలుగు నెలల్లో తిరిగి తీసుకుంటాం. దీనికి విడిగా నిధి కావాలి. జకాత్ నుంచి తీయడం లేదు, కాబట్టి మీ సదఖా, లిల్లాహ్ రసీదుల్లో "ప్రీమియం నిధి" అని రాయించండి. కోర్టు నోటీసు ఉన్నవారు దాన్ని కవరుతో సహా తేవాలి. కవరు మీద ముద్ర పడిన తేదీ గడువు లెక్కకు పనికొస్తుంది.

మా తమ్ముడు ఇప్పుడు కిరాయికి ఇంకొకరి ఆటో నడుపుతున్నాడు. ఇన్సూరెన్సు కాగితం చూశాకే తాళం తీసుకున్నాడట. ఇప్పటికి ఐదు వాయిదాలు కట్టాడు. ఇంకా ఇరవై మూడు ఉన్నాయి.